ఆదివారం గడి

తొమ్మిదో లంగరు, పంటుల పేట. నీళ్ల షీటు, వెనక పేజీ. రాస్తున్నది మట్టా జెకర్యా. వాక్యం చెప్పేదీ, నీళ్లు కొలిచేదీ నేనే.

412వ రోజు, సోమవారం

ఈ పేజీలో ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. ముందు పేజీలో అంకెలున్నాయి, అంకెల పక్కన గీత ఉంది, ఇక మాటలెందుకు అనుకున్నాను. ఆరాధనలో రెండు గంటలు నీళ్లయినా తాగకుండా మాట్లాడేవాణ్ణి. ఇవాళ నాలుగు మాటలు రాయడానికి గంట పట్టింది.

సాయంత్రం నాలుగింటికి ఎప్పటిలాగే ట్యాంకులో మీటరు ముంచాను. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పు లెక్క, 440. ఐదొందల లోపుంటే మంచినీళ్లే. గడిలో ఎక్కించి, రిబ్కమ్మ అక్క కబురు పెడితే రేడియో గదికి వెళ్లాను.

అక్క కూతురు కెజియాకు ఏడో నెల. పది రోజులుగా కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉంటోంది. బీపీ నూటయాభై దాటింది. సముద్రం మీద తేలే మా నలభై పంటుల మీద ఈ వేసవిలో ఇలా వాచిన మూడో గర్భిణి ఆమె. ఒడ్డు డాక్టరమ్మ రేడియోలో మొట్టమొదట అడిగింది నీళ్ల సంగతే. నేను పంపిన చార్టు ఆవిడ ముందే ఉంది.

"నీళ్లు బాగానే ఉన్నాయిగా. ఐదు నెలల నుంచీ గీత నాలుగొందల దగ్గరే ఉంది, ఎక్కడా లేవలేదు," అంది. "నీళ్ల వల్లయితే కాదు. కూరల్లో ఉప్పు తగ్గించండి, ఎడమ పక్కకి పడుకోబెట్టండి. ఒక వారం చూద్దాం."

రిబ్కమ్మ అక్క నా పక్కనే నిలబడి ఉంది. నా మొహం వైపు చూసింది. నేను రేడియో మీటల వైపు చూశాను.

ఆ చార్టులో ఏముందో నాకు తెలుసు. ఏం లేదో కూడా తెలుసు.

413వ రోజు, మంగళవారం

పొద్దున తొక్కుడు పంపు మీద మా జట్టు వంతు. నలుగురం పెడళ్లు తొక్కుతుంటే సముద్రపు నీళ్లు తోలుకి ఒక పక్క ఒత్తుకుంటాయి, రెండో పక్క మంచినీళ్లు చెమటలా పట్టి ట్యాంకులోకి కారతాయి. తోలంటే చచ్చిన గొడ్డుది కాదు. ఒడ్డున తొట్లలో పెంచి పంపిన బతికున్న తోలు. రోజూ దానికి ముంతెడు గంజి పోయాలి. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

ఇరవై రెండు వారాల కిందటి దాకా ఈ పంపు ఆగి ఎరగదు. ఏసోబు మావ పెడలు మీదే వాలిపోయి ప్రాణం వదిలాడు. ఆయన్ని నీళ్లలోకి దించిన రోజున నేను లేచి, ఇక నుంచి ఆదివారం పంపు ఆగాలన్నాను. ఎద్దుకీ గాడిదకీ కూడా విశ్రాంతి ఇమ్మన్న దేవుడు మనిషిని చచ్చేదాకా తొక్కమంటాడా అని గొంతు పగిలేలా అడిగాను. ఎవరో సందేహపడ్డారు, తోలు పాడవదా అని. తోలు కూడా ప్రాణే, దానికీ వారానికో రోజు కావాలి అన్నాను. చేతిలో ఉన్న గ్రంథం ఎత్తి చూపించాను. తోలుతోపాటు ఒడ్డు నుంచి వచ్చిన కాగితం కూడా నా దగ్గరే ఉంది. అది ఎత్తలేదు. చదవనూ లేదు.

పంపు ఆగింది. జనం కంటి నిండా నిద్రపోయారు. మగాళ్లు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. అది తప్పు పని అని ఇప్పుడూ అనను.

అప్పట్లో ట్యాంకు చూసేది రిబ్కమ్మ అక్క. ఆవిడ ఆదివారం కూడా మీటరు ముంచేది. మొదటి వారమే వెయ్యి దాటింది. పంపు ఆగినప్పుడు మీటరు తేడా చేస్తుందేమో అన్నాను. తర్వాతి వారం ఇంకా పెరిగింది. ఆరో ఆదివారం, ఆరాధన సగంలో, తడి మీటరు పట్టుకుని హాల్లోకి వచ్చి "తమ్ముడూ, ఈ నీళ్లు ఒకసారి చూడు," అంది.

నేను ప్రసంగం ఆపలేదు. విశ్రాంతి దినాన పనిముట్టు పట్టిన చెయ్యి ఇదిగో అని ఆవిడ చేతినే చూపించి నలభై నిమిషాలు మాట్లాడాను. ఆవిడ ఆ నలభై నిమిషాలూ నిలబడే ఉంది. ఆ తర్వాత నీళ్ల లెక్కలుండే తెర పలక తెప్పించి, షీటు తెరిచి, అందరూ చూస్తుండగా ఆ ఆరు గడుల్లో అంకెలు చెరిపేశాను. జనం ఆమెన్ అన్నారు. ట్యాంకు పని ఆవిడ చేతుల్లోంచి తీసి నేనే పెట్టుకున్నాను.

మర్నాడు చార్టు చూస్తే, ఖాళీ గడుల్ని షీటు సున్నా అనుకుని గీసింది. వారానికోసారి గీత అడుగుకి పడి లేస్తోంది, రంపప్పళ్లలాగా. ఇదేంటని జనం అడిగారు. ఖాళీ గడిని ఏం చేయాలో చెప్పడానికి షీటులో మూడు దారులుంటాయి. ఖాళీగా వదిలెయ్యడం, సున్నాగా గీయడం, అటూ ఇటూ ఉన్న అంకెల్ని గీతతో కలిపెయ్యడం. వదిలితే పళ్లూడిన నోరులా కనిపించింది. కలిపాను. శనివారం 430, సోమవారం 440. మధ్యలో ఆదివారాన్ని గీత నున్నగా దాటిపోయింది.

ఎంత బాగుందో అనుకున్నాను. ఆ గీతనే తెరచాప గుడ్డ మీద నీలం రంగుతో గీసి హాల్లో కట్టాను. ప్రభువు విశ్రాంతినిచ్చాక నీళ్లు కూడా నిలకడగా ఉన్నాయని దాని కింద నిలబడి ప్రకటించాను.

ఉన్నదాంట్లో కొంత తెచ్చి, ఇదే అంతా అని అపొస్తలుల పాదాల దగ్గర పెట్టి, అక్కడికక్కడే కూలిపోయిన మొగుడూ పెళ్లాల సంగతి మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. ప్రతిసారీ ముందు వరసలో వాళ్లని చూసి చెప్పాను.

414వ రోజు, బుధవారం

ఉప్పు తగ్గించమంది కదా డాక్టరమ్మ, ఆ మాట చెబుదామని వంట పంటుకి వెళ్లాను. ఆదివారం ఆరాధన అయ్యాక పేటంతా కలిసి తినే ప్రేమవిందు వండేది ఫిలేమోను. ఆదివారం కూర ఉప్పగా ఉంటుందని అతన్ని ఏడిపించనివాళ్లు లేరు. నేనూ ప్రసంగంలో రెండు మూడుసార్లు వాడుకున్నాను. జనం నవ్వారు.

నన్ను చూసి చేపలు తోమడం ఆపాడు. "ఏం బ్రదరూ, మీరూ వచ్చారా. బుధవారం కూడా ఆదివారం కూర మీద పంచాయితీనా?"

"ఉప్పు ఎంత వేస్తున్నావు ఫిలేమోనూ?"

"అడిగినోళ్లందరికీ చెప్తన్నా, ఒక్కళ్లూ నమ్మరు. మొదట్లో ఆ గంగాళానికి తొమ్మిది పిడికిళ్లు ఏసేవాణ్ణి. ఉప్పయిందన్నారు, ఎనిమిది చేశా. మళ్లా అన్నారు, ఏడు చేశా. మా ఆవిడైతే నీ చెయ్యే ఉప్పురాయి, కడుక్కుని రా అంది. పోయినాదివారం రెండే రెండు. ఈ వారం అసలు ఎయ్యను, అప్పుడేమంటారో చూస్తా."

"ఏ వారం ఎంత తగ్గించావో గుర్తుందా?"

"తగ్గించినప్పుడల్లా గరిటె కాడ మీద గాటు పెట్టా. ఎవడన్నా నిలదీస్తే మొహాన చూపిద్దామని." గరిటె తీసి చూపించాడు. ఏడు గాట్లు. "ఏ వారమో అంటే చెప్పలేను."

నేను కదలకుండా నిలబడటం చూసి గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనా బ్రదరూ. ఆదివారం అన్నం కూడా ఉప్పగానే ఉంటంది. అన్నంలో నేనేం ఎయ్యనుగా."

కడుపుతో ఉన్నవాళ్లకి విందులో మొదటి వరస, ముంతెడు గంజి అదనం. ఆ నియమం పెట్టింది నేను. ఆదివారం ట్యాంకు అడుగంటేదాకా విందుకి తోడి, మిగిలింది బిందెల్లో పంచుతారు. రెండు మూడు రోజులు ఇళ్లలో తాగేది అదే. గర్భిణులకి ఒక బిందె ఎక్కువ ఇమ్మన్నదీ నేనే.

ఇంటికొచ్చి తోలుతో వచ్చిన కాగితం తీశాను. మూడో వాక్యం. పంపు నాలుగు గంటలకు మించి ఆగితే తోలు సడలి ఉప్పు ట్యాంకులోకి దిగుతుంది, తొక్కడం మొదలుపెట్టిన కొన్ని గంటలకు మళ్లీ బిగుస్తుంది. నేను సోమవారం నాలుగింటికి మీటరు ముంచేది బిగిసిన తోలు ఇచ్చిన కొత్త నీళ్లలో. ఐదు నెలలుగా చెడ్డ నీళ్లు జనం తాగేశాక, మంచినీళ్లు కొలిచి, మంచివే అని రాస్తూ వచ్చాను.

415వ రోజు, గురువారం

పొద్దునే రిబ్కమ్మ అక్క గుమ్మం ముందు నిలబడ్డాను. లోపలికి రమ్మనలేదు. కెజియా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అంటోందట. ఆమె భర్త అమోసు తడిగుడ్డ మార్చి మార్చి నుదుటి మీద వేస్తున్నాడు.

"అక్కా, ఆ ఆరు అంకెలూ చెరిపేశాను. తిరిగి తీసుకురావడం నాకు చేతకావట్లేదు," అన్నాను.

"నీకు ఇప్పుడు కావాల్సొచ్చినయ్యా."

"తప్పు చేశాను."

"అది నాకు అప్పుడే తెలుసు తమ్ముడూ. నీకెప్పుడు తెలుస్తుందా అని చూస్తన్నా." లోపలికి వెళ్లి ఒక సత్తు మూత తెచ్చి నా చేతిలో పెట్టింది. తిరగేస్తే మేకుతో గీసిన అంకెలు. 1340, 1620, 1790, 1980, 2150, 2240. "ఆ రోజు ఇంటికొచ్చి, మర్చిపోకముందే గీకా. రోజూ అన్నం మీద మూసేది ఇదే. నువ్వు మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు కూడా దీన్నే మూశా. చూళ్లేదు నువ్వు."

"తర్వాతి వారాలవి?"

"మీటరు నీ దగ్గరేగా ఉంది," అంది.

పలక అక్కడే గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాను. ఆరు అంకెల్నీ వాటి గడుల్లో పెట్టాను. మిగతా పదహారు ఆదివారాలు ఖాళీ. కలిపే గీత తీసేసి, ఖాళీని ఖాళీగానే వదిలేలా మార్చాను. చార్టు ముక్కలైంది. ఆరు చుక్కలు ఆకాశంలో, మిగతావన్నీ కింద, మధ్యలో వరసగా కన్నాలు.

అక్క నా భుజం మీదుగా చూసింది. "ఆ కన్నాలేంటి?"

"కొలవని రోజులు."

"నింపు."

నేను తలెత్తాను.

"ఆరు వారాల్లో రెండు వేల రెండొందలైంది. తర్వాత పెరిగే ఉంటుందిగా. రెండున్నర వేలు, మూడు వేలు, అట్టా ఎక్కించుకుంటా పో. ఇన్ని కన్నాలు చూస్తే ఆ డాక్టరమ్మ ఇదేం కాగితం అని పక్కన పడేస్తుంది. పడవ రావాలి తమ్ముడూ. దాన్ని చూడు ఎట్టా ఉందో." లోపలి మంచం వైపు చెయ్యి చాపింది. "నీకు మాత్రం నింపడం అలవాటేగా."

వేలు గడి మీద పెట్టాను. నిజం చెబుతున్నాను, 2400 అని కొట్టాను కూడా. సాటి మనిషి ప్రాణం కోసం కదా అనుకున్నాను. గోతిలో పడ్డ గొడ్డుని ఏ రోజైనా సరే పైకి లాగమన్నాడు కదా ప్రభువు అని నాకు నేనే వాక్యం చెప్పుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, అంకెలు చెరిపిన రోజున కూడా నా నోట్లో వాక్యమే ఉందని. నాకు ఏది చెయ్యాలనిపించినా దానికో వాక్యం నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

2400 చెరిపాను. "అక్కా, ఇందులో ఒక్క అబద్ధం దొరికితే నీ ఆరూ అబద్ధాలే అనుకుంటుంది," అన్నాను.

ఆవిడ మూత నా చేతిలోంచి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. అది కోపమో, సరేననడమో నాకు తెలియలేదు.

కొలిచినవి నిండు చుక్కలుగా ఉంచాను. ఫిలేమోను గాట్లను చార్టులో కలపలేదు. కింద వేరే వరసలో, ఉప్పు తొమ్మిది పిడికిళ్ల నుంచి రెండుకి తగ్గింది, ఏ వారమో తెలియదు, అని మాటల్లో రాశాను. పైన శీర్షిక కూడా మార్చాను. ఇదివరకు "నిలకడైన నీళ్లు" అని ఉండేది. ఇప్పుడు "సాయంత్రం నాలుగింటి నీళ్లు. ఆదివారాల్లో ఆరే కొలిచాం, పదహారు కొలవలేదు" అని పెట్టాను. మధ్యాహ్నానికి ఒడ్డుకి పంపి రేడియో దగ్గర కూర్చున్నాను.

డాక్టరమ్మ ఆదివారం అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివింది. తర్వాత అడిగింది. "ఈ ఆరు ఇంతకుముందు చార్టులో లేవేం?"

"నేను చెరిపేశానమ్మా."

"ఎందుకు?"

"ఆదివారం కొలిచారని."

అవతల ఎవరితోనో ఏదో అంది. "మిగతా రెండు కేసులప్పుడు కూడా నేను ఆ గీతే చూశాను. సోమవారం నాడు ఇది నా ముందుంటే ఆ రోజే పడవ పంపేదాన్ని," అంది. "శనివారం పొద్దున వస్తుంది. ఈలోపు ఆ నీళ్లు ఆమెకి ఒక్క చుక్క ఇవ్వకండి."

417వ రోజు, శనివారం

పడవ ఎనిమిదింటికి వచ్చింది. కెజియాని పట్టె మంచంతో సహా దించాం. మెట్ల దగ్గర ఒళ్లు బిగిసి, పళ్లు కరుచుకుపోయి, కళ్లు పైకి వెళ్లాయి. పడవలో వచ్చిన నర్సు ఆమెను పక్కకి తిప్పి సూది వేసింది. నేను కాళ్లు పట్టుకుని ఉన్నాను. నా వేళ్లు పడ్డ చోట గుంటలు పడ్డాయి. అవి అలాగే ఉన్నాయి.

రోగితో ఒక్కరికే చోటు. అమోసు ఎక్కాడు. రిబ్కమ్మ అక్క పడవ కనుమరుగయ్యేదాకా పంటు అంచున నిలబడింది. పక్కన నిలబడే ధైర్యం నాకు లేదు. రెండు పంటుల అవతల నిలబడ్డాను.

418వ రోజు, ఆదివారం

పంపు నిన్న సాయంత్రం ఎప్పటిలాగే ఆగింది. ఆపొద్దని అనలేదు. ఒక్కసారి అందరి కళ్లముందూ కొలవాలనుకున్నాను. తాగడానికి మాత్రం శనివారమే నీళ్లు పట్టి పెట్టించాను.

ఆరాధనలో ప్రసంగం చెయ్యలేదు. ట్యాంకు నీళ్లు బిందెతో తెచ్చి బల్ల మీద పెట్టి, రిబ్కమ్మ అక్కని మీటరు ముంచమని అడిగాను. ఆవిడ వెనక వరసలోంచి లేచి, అప్పుడు నిలబడ్డ చోటే నిలబడింది. మీటరు ముంచి, చూసి, పక్కనున్న ఫిలేమోనుకి ఇచ్చింది.

"రెండు వేల మూడొందల పది," అని చదివాడు ఫిలేమోను. వరసల్లోకి తిరిగి, "విన్నారుగా. ఐదు నెలలు తిన్నా నేను తిట్లు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నీలం గీత ఉన్న గుడ్డ దించాను. ఆదివారం వచ్చిన ప్రతి చోటా కత్తెరతో చిన్న ముక్క కత్తిరిస్తూ, ఏం చేశానో చెప్పాను. ఆవిడని నిలబెట్టి ఎన్ని నిమిషాలు మాట్లాడానో చెప్పాను. బలహీనమైన గోడకి సున్నం పూసి గట్టిదని చెప్పే ప్రవక్తల మీద దేవుడి కోపం ఎలాంటిదో నేను చాలాసార్లు ఉరిమి చెప్పాను కదా, ఆ సున్నం బొచ్చె నా చేతిలోదే అన్నాను. గొంతు పెద్దగా లేవలేదు. వెనక వాళ్లకి వినపడిందో లేదో.

కెజియా కంటే ముందు వాచిన ఇద్దరిలో ఒకామె భర్త లేచాడు. అతని పేరు రాయను, రాయమని అతను అడగలేదు. "మా బిడ్డ పుట్టకుండానే పోయింది. దానికి కూడా మీరే ప్రార్థన చేశారు. దేవుడి చిత్తమన్నారు," అన్నాడు. కూర్చోలేదు. బయటికి వెళ్లిపోయాడు.

పంపు జట్టులోంచి ఒకతను అడిగాడు. "అయితే మా ఆదివారం పోయినట్టేనా బ్రదరూ?"

"మనిషికి విశ్రాంతి పోదు. పంపుకే పోద్ది," అంది రిబ్కమ్మ అక్క, నాకంటే ముందే. "ఆరు జట్లకి ఆరు వేరే వేరే రోజులు సెలవు. ఆదివారం తొక్కడానికి మాత్రం విడిగా ఒక జట్టు కావాలి."

ఆదివారం జట్టులో మొదటి పేరు నాది రాసుకున్నారు. ఆరాధన అయ్యేసరికి పెడలు మీద ఉన్నాను. తోలు చల్లగా, వదులుగా, జబ్బు మనిషి చేతిలా తగిలింది. సాయంత్రానికి వెచ్చబడింది.

421వ రోజు, బుధవారం

ఒడ్డు నుంచి కబురు లేదు. గాలి ఎక్కువగా ఉంది, రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లు వచ్చి, రిబ్కమ్మకి ధైర్యం చెప్పమన్నారు. "మీకు దేవుడు బయలుపరిచి ఉంటాడుగా బ్రదరూ. తల్లీ బిడ్డా క్షేమమని ఒక్క మాటనండి. మీ నోటి మాట మీద ఆవిడ నాలుగు మెతుకులు తింటుంది." ఇదివరకు ఎన్నో ఇళ్లలో అన్నాను అలాంటి మాటలు. కళ్లు మూసుకుని, చెయ్యి ఎత్తి, వచ్చేదంతా తెలిసినట్టు.

అక్క ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళ్లగానే తల ఎత్తకుండానే అడిగింది. "చెప్పు. బతుకుద్దా?"

"తెలియదక్కా."

"బిడ్డ?"

"అదీ తెలియదు."

చాలాసేపు నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. నలభై నిమిషాలయి ఉంటుంది, నేను చూసుకోలేదు. తర్వాత చెయ్యి చాపింది.

"మీటరు ఇటివ్వు. నాలుగైంది."

ముంచింది. 430. ఆ గడిలో అంకె, పక్కన కొలిచినవాళ్ల గడిలో ఆవిడ పేరు ఎక్కించాను. దాని కింద గర్భిణుల బీపీ రోజూ ఎక్కించే వరసల్లో కెజియాది ఉంది. శనివారం దాకా నిండి ఉంది. ఆ తర్వాత నాలుగు రోజులవీ ఖాళీ.

అక్క ఆ నాలుగింటినీ చూసింది. నేనూ చూశాను. ఖాళీగానే ఉంచి పలక మూశాను.